ఆజ్ఞకు ముందున్న మాట



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆ ఉపదేశిగారి గురించి ఆహ్వానపత్రంలో రెండు పేరాలు అచ్చు వేశారు. అందులో రాని సంగతి ఒకటి చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను. ఆయన పిల్లలతో పది ఆజ్ఞలు కంఠతా పట్టించేటప్పుడు మొదటి ఆజ్ఞతో మొదలుపెట్టనిచ్చేవారు కాదు. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయంలో ఆజ్ఞలకు ముందు ఒక వాక్యం ఉంది. ఐగుప్తు బానిసత్వంలోంచి ఆ జనాన్ని బయటికి తెచ్చింది తానేనని దేవుడు గుర్తుచేసే వాక్యం అది. ఏ పిల్లవాడైనా దాన్ని దాటేసి ఆజ్ఞల్లోకి దూకితే, పదీ తప్పు లేకుండా అప్పజెప్పినా సరే, "ముందు మాట ఏదిరా?" అని మళ్ళీ మొదటి నుంచి చెప్పించేవారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో చాలామందికి ఆజ్ఞల వరుస ఇప్పుడు తడబడుతుందేమో గానీ, ఆ ముందు మాట మాత్రం తడబడదు. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఆ ఒక్క మాట గురించే.

మన సంఘాల్లో విధేయత మీద వినిపించే ప్రసంగాలు చాలావరకు రెండు దారుల్లో నడుస్తాయి. మొదటిది భయం. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి పొలానికి వెళ్ళినవాణ్ణి పాము కరిచింది, దశమభాగం ఇవ్వనివాడి బిడ్డకు జబ్బు చేసింది, అయ్యగారి మాట కాదన్న కుటుంబం చితికిపోయింది. ఇలాంటి సాక్ష్యాలు వినకుండా పెద్దయినవాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండరనుకుంటాను. రెండోది బేరం. ఇంత కానుక వేస్తే అంత దీవెన, ఇన్ని రోజులు ఉపవాసం ఉంటే వీసా, విత్తనం నాటితే నూరంతల పంట. ఈ రెండు దారుల్లోనూ ఆజ్ఞ పాటించేవాడి చూపు దేవుడి మీద ఉండదు. జరగబోయే నష్టం మీదో, రాబోయే లాభం మీదో ఉంటుంది.

లేఖనాల్లో మాత్రం భయం లేదా, దీవెన లేదా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. ద్వితీయోపదేశకాండం ఇరవై ఎనిమిదో అధ్యాయం నిండా దీవెనలూ శాపాలే. కూటాల్లో దాన్ని గొంతెత్తి చదివేవాళ్ళకు కొదవ లేదు. అయితే అదే పుస్తకంలో దానికి చాలా ముందు ఏడో అధ్యాయం ఉంది. అక్కడ మోషే, మీరు లెక్కకు ఎక్కువ మంది అని దేవుడు మిమ్మల్ని ఎంచుకోలేదని, నిజానికి అన్ని జనాల్లోకీ మీరే తక్కువని ఇశ్రాయేలీయులతో అంటాడు. మరెందుకు ఎంచుకున్నాడయ్యా అంటే, ప్రేమించాడు గనుక, పితరులకు మాట ఇచ్చాడు గనుక అంటాడు. ఆ ప్రేమకు కారణమేమిటో మాత్రం చెప్పడు. ఏడు చదవకుండా ఇరవై ఎనిమిది చదివితే వినేవాడికి మిగిలేది వణుకు. మనం చాలా ఏళ్ళుగా చేస్తున్న పని అదేనని నా ఫిర్యాదు.

సీనాయికి చేరకముందు ఆ జనం నడిచిన దారి చూడండి. సముద్రం దాటారు. ఆకలి వేసింది, గొణిగారు. మన్నా కురిసింది. ఇది పదహారో అధ్యాయం. ఆజ్ఞలు ఇంకా ఇవ్వలేదు, పలకలు ఇంకా చెక్కలేదు. ఆ అధ్యాయంలో నన్ను ఆపేసే సంగతి, మన్నాను దాచుకున్నవాళ్ళ కథ. ఏ రోజుకారోజు తలా ఒక ఓమెరు చొప్పున ఏరుకోండి, తెల్లవారేదాకా ఏమీ మిగల్చకండి అన్నారు. కొందరు మిగిల్చారు. పొద్దున చూస్తే పురుగులు పట్టి కంపు కొట్టింది. వాళ్ళను దొంగలనలేం, ఎవరి కంచంలోదీ లాక్కోలేదు. ఫరో కింద బతికినవాళ్ళు, ఈరోజు దొరికింది రేపు దొరుకుతుందన్న నమ్మకం ఏనాడూ ఎరగనివాళ్ళు. వాళ్ళ అవిధేయతకు వేరు అక్కడుంది. అలాగే ఆరో రోజు రెండింతలు దొరికినా, ఏడో రోజున కొందరు గిన్నెలు పట్టుకుని బయటికి వెళ్ళారు. ఏమీ దొరకలేదు. విశ్రాంతి దినం సీనాయి కొండ మీద చట్టం కాకముందే, రేపటి తిండి విషయంలో దేవుణ్ణి నమ్మడం నేర్పే పాఠంగా వాళ్ళకు వచ్చింది. అన్నం పెట్టిన తరువాతే ఆజ్ఞ పెట్టాడు.

ఆదికాండం మూడో అధ్యాయంలోనూ ఇదే. పండు చేతికి రాకముందే అనుమానం చెవికి వచ్చింది. దేవుడు మీ మేలు కోరేవాడు కాదు, మీకు దక్కాల్సినదేదో దాచిపెట్టాడు అన్న అనుమానం. చెయ్యి చాచడం ఆ తరువాతి సంగతి. తలాంతుల ఉపమానంలో ఒక్క తలాంతు దక్కినవాడు దాన్ని నేలలో పాతిపెట్టి చివరికి చెప్పుకున్న సాకు ఏమిటి? యజమాని కఠినుడని తనకు తెలుసట. పోగొట్టలేదు, తాగి తగలెయ్యలేదు, ఉన్నదున్నట్టు తెచ్చి చేతిలో పెట్టాడు. యజమాని మీద వాడికున్న అభిప్రాయం వాడి చేతులు కట్టేసింది. భయంతో చేసే విధేయత కనీసం తప్పుల నుంచైనా కాపాడుతుందని అనుకునేవాళ్ళు ఈ ఉపమానాన్ని నిదానంగా చదవాలి.

ఇక మన నేల మీద జరిగిన సంగతికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఓపిక పట్టండి.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆ ఏడే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఆయన దగ్గరికి వచ్చాడు. పేరయ్య అంతకుముందు రాజయోగం నేర్చుకున్నవాడు, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు, ఉత్తరం వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల మాటలు చెవిన వేసుకున్నవాడు. క్లౌ వచ్చి క్రైస్తవ్యాన్ని పేరయ్యకు ఇచ్చాడనడం కంటే, వెతుక్కుంటూ వచ్చిన పేరయ్య క్లౌకు మాదిగ పల్లెల దారి చూపించాడనడం నిజానికి దగ్గర. ఆ పల్లెల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. క్లౌ చనిపోయాక ఆయన భార్య 1914లో ప్రచురించిన ఆయన జీవితకథలో ఈ మూడూ ఉన్నాయి.

పుస్తకంలో చదివితే ఇవి చిన్న నియమాలు. పల్లెలో బతికినవాళ్ళకు చిన్నవి కావు. మాదిగలు రైతులకు చెప్పులు కుట్టాలి, మోట బావులకు తోలు బొక్కెనలు కుట్టి ఇవ్వాలి, పొలం పనికి పిలిస్తే వెళ్ళాలి. బదులుగా కోతలప్పుడు కల్లంలో గింజలు. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాల్సింది వాళ్ళే, తోలూ మాంసమూ వాళ్ళకే. అమ్మవారి జాతరకు డప్పు కొట్టాల్సింది వాళ్ళే. ఇప్పుడు ఆ మూడు నియమాలను ఈ బతుకు పక్కన పెట్టి చూడండి. ఆదివారం రానంటే రైతు ఊరుకోడు, నాట్లకూ కోతలకూ ఆదివారం ఏమిటంటాడు. చచ్చిన గొడ్డు మాంసం వద్దంటే కరువు రోజుల్లో చేతికందే తిండి పోతుంది. జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరంతా పగబడుతుంది. అలాగే పగబట్టాయి కూడా. నీళ్ళు తోడుకోనివ్వలేదు, పనికి పిలవలేదు, తప్పుడు కేసులు పెట్టారు.

అయినా వేలమంది ఆ నియమాల కింద నిలబడ్డారు. ఎందుకు? వాళ్ళ మనసుల్లో ఏముందో వాళ్ళు రాసి పెట్టలేదు. రాసినవాళ్ళు మిషనరీలు. కాబట్టి నేను చెప్పేది నా ఊహగానే తీసుకోండి. ఆదివారం పని మానడమంటే, ఉద్యోగస్తుడికి సెలవు. ఏ పూటకాపూట సంపాదించుకునేవాడికి ఒక పూట పస్తు. తన పొయ్యిలో మంట గురించి ఎవరికో పట్టింపు ఉందని గట్టిగా నమ్మినవాడే అలాంటి ఆజ్ఞకు లొంగుతాడు. ఊళ్ళో ఎవరూ ముట్టని మనిషిని దేవుడు ముట్టాడన్న కబురు ఆ పల్లెలకు ఆజ్ఞల కంటే ముందు చేరింది. ఆ కబురు నమ్మారు గనుక ఆదివారాన్ని పట్టుకోగలిగారు. సీనాయికి ముందు మన్నా ఎలాగో, ఒంగోలు పల్లెల్లో మూడు నియమాలకు ముందు ఆ కబురు అలాగ.

రెండో నియమం గురించి ఒక మాట. తినే పదార్థం మనిషిని అపవిత్రం చేయదని యేసు చెప్పినట్టు మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఉంది. కాబట్టి ఆ మాంసం తినడం పాపమని నేననను. కానీ చచ్చిన గొడ్డును ఈడ్చడం, దాన్ని తినడం ఒక కులానికి విధిగా అంటగట్టిన ఊళ్ళలో, ఇక తిననని చెప్పడం తల ఎత్తుకోవడం. 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ తనవాళ్ళకు ఆ మాంసం మానేయమని చెప్పింది కూడా ఇందుకే. డప్పు విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. జాతర డప్పు మానమన్నారు, సరే, అది వెట్టి. కానీ డప్పునే దయ్యాల వాద్యంగా చూసి గుడి గడప ఎక్కనివ్వని రోజులు చాలాకాలం సాగాయి. అది దేవుడి ఆజ్ఞ కాదు, మిషన్ బంగళా అభిరుచి. ఇవాళ కొన్ని గుళ్ళలో ఆరాధనకు డప్పు మోగుతోంది, నాకు సంతోషం.

పెద్దవాళ్ళు ధాత కరువని చెప్పుకున్న ఆ 1876–78 కరువులో క్లౌ చేసిన పని చాలామందికి తెలుసు. యవ్వనంలో అమెరికాలో సర్వే పనులు చేసిన అనుభవం ఉన్నవాడు కాబట్టి బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తానే తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు మట్టి పని చూపించాడు. మధ్యాహ్నం పలుగూ తట్టా పక్కన పెట్టి నీడన కూర్చున్నవాళ్ళ మధ్య బోధకులు కూర్చుని మాట్లాడేవాళ్ళు. చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమోనన్న సంకోచం. 1878లో కరువు సాయం ముగిసి, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని చెప్పాక కూడా జనం వస్తూనే ఉంటే అప్పుడు ఒప్పుకున్నాడు. ఆ జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, విడతకు ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి ఇచ్చారు. క్లౌ ఆ రోజు తన చేత్తో ఒక్కరికి కూడా ఇవ్వలేదు.

క్లౌ సంకోచాన్ని నేను గౌరవిస్తాను. సాయం చేసే చేతికీ, బాప్తిస్మమిచ్చే చేతికీ మధ్య ఆయన ఎడం పెట్టాడు. ఇవాళ కానుకల కవరునూ దీవెననూ ఒకే చేత్తో పంచేవాళ్ళు ఆ ఎడాన్ని గుర్తుచేసుకుంటే మంచిది. కానీ ఆ సంకోచం వెనకున్న లెక్క మాత్రం సువార్త లెక్క కాదనిపిస్తుంది. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న ఎత్తిపొడుపు మన తాతముత్తాతలు విన్నారు, మనమూ వింటున్నాం. దానికి జవాబుగా, లేదు, వాళ్ళు స్వచ్ఛమైన భక్తితోనే వచ్చారని నిరూపించడానికి మనవాళ్ళు తెగ అవస్థ పడతారు. ఎందుకా అవస్థ? లూకా పదిహేనో అధ్యాయంలో తప్పిపోయిన కొడుకు ఇంటికి ఎందుకు బయలుదేరాడు? తండ్రి మీద బెంగతోనా? కాదు, పందుల పొట్టు కూడా దక్కని ఆకలితో. తన ఇంటి కూలివాళ్ళకు తిండి మిగులుతోందని గుర్తొచ్చి. దారిలో తయారుచేసుకున్న క్షమాపణ కూడా ఒక ఉద్యోగ దరఖాస్తే: కొడుకుగా వద్దు, కూలివాడిగా పెట్టుకో అని. తండ్రి దాన్ని పూర్తిగా చెప్పనివ్వలేదు. నువ్వు వచ్చింది నా కోసమా, నా గాదె కోసమా అని అడగలేదు. దూరంగా ఉండగానే చూసి పరుగెత్తాడు. కొడుకు నోట దరఖాస్తు ఇంకా పూర్తి కాలేదు, అప్పటికే అంగీ వచ్చింది, ఉంగరం వచ్చింది, కాళ్ళకు చెప్పులు వచ్చాయి.

అదే కథలో విధేయతకు పేరుపడ్డవాడు ఇంకొకడున్నాడు, పెద్దకొడుకు. ఇన్నేళ్ళూ ఒక్క ఆజ్ఞ కూడా మీరలేదని అతనే చెప్పుకుంటాడు. అబద్ధమని కథ ఎక్కడా చెప్పదు. కానీ అతని మాట తీరు చూడండి. దాసుడిలా పనిచేశాననీ, స్నేహితులతో పండగ చేసుకోవడానికి ఒక్క మేకపిల్లను కూడా తండ్రి ఇవ్వలేదనీ నిష్ఠూరం. ఆ ఇంట్లో ఉన్నదంతా తనదేనని తండ్రి చెప్పేదాకా అతనికి తెలియదు, చెప్పినా నమ్మాడో లేదో కథ చెప్పదు. తండ్రి ప్రేమను నమ్మకుండా ఏళ్ళ తరబడి ఆజ్ఞలు పాటించవచ్చు. పాటిస్తే ఏమవుతుందో ఆ పెరట్లో నిలబడ్డ మనిషి చూపిస్తాడు. తిరిగొచ్చిన తమ్ముణ్ణి తమ్ముడని కూడా పిలవలేకపోయాడు. ఒంగోలు పల్లెల్లో తొలి తరం నమ్మకంతో పట్టుకున్న ఆదివారమే మూడో నాలుగో తరానికి పాము కాటు సాక్ష్యంగా మారిందంటే, మధ్యలో మనం తమ్ముడి ఇల్లు వదిలి పెద్దకొడుకు పెరట్లోకి చేరామన్నమాట. నియమం మారలేదు. ముందు మాట రాలిపోయింది.

గుంటూరు సీమ లూథరన్లకు ఇది మరీ దగ్గరి విషయం. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ సంఘంలో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి చదవని పిల్లలు అరుదు. లూథర్ యువకుడిగా ఎర్ఫుర్టు మఠంలో ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. ఒప్పుకుని బయటికి వచ్చి, మరిచిపోయిన పాపం గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళేవాడు. ఆయన గురువు స్టౌపిట్జ్‌కే విసుగొచ్చేది. నియమాల విషయంలో ఆయన్ను మించిన సన్యాసి ఆ మఠంలో లేడేమో. చనిపోవడానికి ముందటి సంవత్సరం, 1545లో, తన లాటిన్ రచనల సంపుటికి రాసిన ముందుమాటలో, ఆ రోజుల్లో తాను పాపులను శిక్షించే నీతిమంతుడైన దేవుణ్ణి ప్రేమించలేదనీ, ద్వేషించాననీ ఆయనే రాసుకున్నాడు. ఇంత విధేయత, దాని అడుగున ద్వేషం!

ఆ మఠం అనుభవం తెలిసినవాడు 1520లో సత్క్రియల మీద ఒక పుస్తకం రాశాడు. అందులో వాదన సూటిగా ఉంటుంది. మంచి పనులన్నింటిలో మొదటిది దేవుడు తన పట్ల దయగా ఉన్నాడని నమ్మడం. మొదటి ఆజ్ఞ అడిగేది అదే. తక్కిన తొమ్మిదీ అందులోంచే పారాలి. దానికి ఆయన చెప్పిన పోలిక ఆలుమగలది. ఒకరి ప్రేమ మీద ఒకరికి నమ్మకం ఉన్నచోట ఏం చేయాలో, ఏం మాట్లాడాలో ఎవరూ నేర్పనక్కరలేదు. చిన్న పనీ పెద్ద పనీ ఒకే మనసుతో జరిగిపోతాయి. అనుమానం దూరిందా, అప్పుడు మొదలవుతుంది లెక్క: ఏం చేస్తే మెప్పిస్తాను, ఎంత పెద్ద పని చేస్తే గెలుస్తాను అని. అప్పుడు బరువైన మనసుతో పెద్దపెద్ద పనులు నెత్తికెత్తుకుంటాడు. మన ఊళ్ళలో జరిగే నలభై రోజుల ఉపవాసాలు కొన్ని నాకు ఈ లెక్కలోవిగానే కనిపిస్తాయి. అన్నీ కాదు, కొన్ని.

1529లో వచ్చిన చిన్న ప్రశ్నోత్తరిలో ప్రతి ఆజ్ఞ వివరణా దేవునికి భయపడి, ఆయన్ను ప్రేమించి అన్న ధోరణిలోనే మొదలవుతుంది. మొదటి ఆజ్ఞ దగ్గర మాత్రం భయం, ప్రేమలతో పాటు నమ్మకాన్నీ చేర్చాడు. మన కన్ఫర్మేషన్ తరగతుల్లో పిల్లలు ఆ మూడోదాన్ని గబగబా మింగేస్తారు, మనమూ ఊరుకుంటాం. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి ఇంకో పద్ధతి పట్టింది. మనిషి దురవస్థ, విడుదల, కృతజ్ఞత అని మూడు భాగాలు చేసి, పది ఆజ్ఞల వివరణను మూడో భాగంలో పెట్టింది. లూథర్ ఆజ్ఞలను మొదట పెట్టింది రోగం తెలియడానికి, వాళ్ళు చివర పెట్టింది కోలుకున్నవాడు నడవడానికి. ఏది సరి అని వాదించుకున్న పండితులున్నారు. పిల్లలకు చెప్పేటప్పుడు నేనైతే హైడెల్‌బర్గ్ వైపే మొగ్గుతాను.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. దేవుడు ప్రేమిస్తున్నాడని నమ్మితే చాలు, ఆజ్ఞ సంగతి తరువాత చూసుకోవచ్చు అనేవాళ్ళు తయారవుతారు. తయారయ్యారు కూడా. శనివారం రాత్రి లంచం పుచ్చుకుని ఆదివారం పొద్దున కృప మీద పాటలు పాడేవాళ్ళను మనం ఎరుగుదుం. జర్మనీలో నాజీల పాలన కింద ఫింకెన్‌వాల్డెలో కాపరులకు తర్ఫీదు ఇచ్చిన బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన పుస్తకంలో దీన్నే చవక కృప అన్నాడు. విశ్వాసమూ విధేయతా విడదీయరానివని, ఒకటి లేకుండా రెండోది ఉండదని ఆయన వాదన. నాకూ అందులో భేదాభిప్రాయం లేదు. వైద్యుణ్ణి నమ్మానని చెబుతూ మందు మింగనివాడు నమ్మనివాడే. యోహాను పద్నాలుగో అధ్యాయంలో ప్రేమనూ ఆజ్ఞనూ యేసే ముడి వేశాడు. ముడి ఏ వైపు నుంచి వేశాడన్నదే ఈ సాయంత్రం నా గొడవంతా.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది, ఆడవాళ్ళ నుంచి వస్తుంది. దేవుడి ప్రేమను నమ్మి లోబడు అన్న మాటను ఎన్ని ఇళ్ళలో, ఎన్ని కౌన్సిలింగ్ గదుల్లో ఆడదాని నోరు నొక్కడానికి వాడారు! కొట్టే మొగుడికి లోబడడం, డబ్బు గుంజే కాపరికి లోబడడం దేవుడికి లోబడడమేనని చెప్పారు. స్పష్టంగా చెబుతున్నాను. దేవుడి ప్రేమ మీద పెట్టుకోవాల్సిన నమ్మకాన్ని తన మీదకు మళ్ళించుకునే ఏ మనిషైనా మొదటి ఆజ్ఞ మీరినట్టే. ఫరో ఇంటి నుంచి విడిపించిన దేవుడు తన పేరు చెప్పి ఇంకో ఫరో ఇంట్లో ఉండమనడు. తనను దేవుడు ప్రేమిస్తున్నాడని నమ్మిన స్త్రీ దెబ్బలున్న ఇంట్లోంచి బిడ్డను ఎత్తుకుని బయటికి నడిస్తే, ఆ నడక విధేయతే కావచ్చు.

ప్రేమ అనుభవంలో కనిపించని రోజుల మాటేమిటి? బిడ్డను మట్టికిచ్చి వచ్చిన తల్లితో, దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు కాబట్టి ఫలానా ఆజ్ఞ పాటించు అని చెప్పే ధైర్యం నాకు లేదు. గెత్సేమనేలో యేసు చెమట రక్తపు బిందువుల్లా కారిందని లూకా రాశాడు. హెబ్రీయుల పత్రిక ఆయన బాధల వల్ల విధేయత నేర్చుకున్నాడంటుంది. గిన్నె తీసెయ్యమని అడిగాడు, అయినా ఆ మొర పెట్టుకున్నది తండ్రీ అని పిలిచి. నమ్మకమంటే ఎప్పుడూ గుండె నిండా హాయి ఉండడం కాదు. కొన్ని రాత్రుల్లో ఆ ఒక్క పిలుపు వదలకుండా ఉండడమే నమ్మకం.

భయంతోనే ఇన్నాళ్ళూ ఆజ్ఞలు పాటించినవాళ్ళను ఏం చేద్దాం? ఈ హాల్లో వాళ్ళు ఉన్నారు, బహుశా ఎక్కువ మందే. ఇక్కడ జాన్ వెస్లీ నాకు సాయం వస్తాడు. 1738 మే 24న లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే విని మనసు మారినవాడు ఆయన. అంతకుముందు ఆయన నియమాలు పాటించడంలో ఎవరికీ తీసిపోలేదు. మారిన కొత్తలో ఆయనా, ఆయన తోటివాళ్ళూ, పాపాలకు క్షమాపణ దొరికిందన్న నిశ్చయం లేనివాళ్ళను శాపగ్రస్తులంటూ గద్దించేవాళ్ళు. యాభై ఏళ్ళ తరువాత, 1788లో విశ్వాసం మీద చేసిన ప్రసంగంలో ఆ ముసలాయన ఆ గద్దింపును వెనక్కి తీసుకున్నాడు. దాసుడి విశ్వాసం, కొడుకు విశ్వాసం అని రెండున్నాయనీ, దాసుడిని కూడా దేవుడు అంగీకరిస్తాడనీ, అతన్ని కొట్టి తరమకుండా కొడుకు స్థానానికి రమ్మని పిలవాలనీ చెప్పాడు. మన కాపరులకు నేను చేసే మనవి ఇదే. భయంతో గుడికి వచ్చే ముసలమ్మను, నీది భక్తి కాదు పొమ్మనకండి. పాము కాటు సాక్ష్యం చెప్పనివ్వండి, చెప్పాక, అమ్మా, పాము కరవని వారాల్లో నిన్ను ఎవరు చూసుకున్నారని మెల్లగా అడగండి. ఆమె దగ్గర జవాబు ఉంటుంది. మన ప్రసంగాల్లో దొరకని జవాబు కూడా కావచ్చు.

చివరగా యోహాను సువార్త ఇరవై ఒకటో అధ్యాయం. పేతురు మూడుసార్లు ఎరగనన్నాడు, అదీ ప్రధాన యాజకుడి ముంగిట్లో నిప్పులు కాచుకుంటూ. ఇప్పుడు తిబెరియ సముద్రం ఒడ్డున మళ్ళీ నిప్పులు, వాటి మీద చేపలు, పక్కన రొట్టె. రాత్రంతా వల వేసి అలసిన మనుషులను యేసు ముందు తినమన్నాడు. తిన్నాక, నన్ను ప్రేమిస్తున్నావా అన్న అర్థం వచ్చేలా మూడుసార్లు అడిగాడు. ఎరగనన్నావెందుకని ఒక్కసారి కూడా అడగలేదు. పేతురు జవాబు చెప్పిన ప్రతిసారీ మందను చూసుకొమ్మని పని అప్పజెప్పాడు. ముసలితనంలో ఇష్టం లేని చోటికి ఎవరో మోసుకుపోతారని, అంటే ఈ పని ప్రాణం మీదకు తెస్తుందని కూడా దాచకుండా చెప్పాడు. పేతురు వెనక్కి తిరిగి, వెంట వస్తున్న ఇంకో శిష్యుణ్ణి చూసి, మరి ఇతని సంగతేమిటని అడిగాడు. మూడుసార్లు ప్రేమిస్తున్నానని చెప్పిన నోటితోనే, పక్కవాడికి ఏం పని పడుతుందో, ఎంత పడుతుందో అని ఆరా! యేసు అప్పజెప్పిన మందను వెనక్కి తీసుకోలేదు. అతని సంగతి నీకెందుకన్నట్టుగా ఒక మాట అని, తన వెంట రమ్మన్నాడు.